భూమి కింద గ్యాసెంత? కాగితం మీద ఎంత?

గోదావరి డెల్టాలో ఒక రిగ్గు లేచిందంటే దాని వెంట అంకెలు కూడా లేస్తాయి. ఇన్ని లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు, ఇన్ని కోట్ల పీపాల చమురు, ఇన్ని వేల ఉద్యోగాలు అంటూ పత్రికల్లో పతాక శీర్షికలు వస్తాయి. మంత్రులు ప్రకటనలు చేస్తారు, షేర్ల ధరలు పెరుగుతాయి. చేలో కలుపు తీసే కూలీకి మాత్రం ఆ అంకెలు పట్టవు. తన పనిదినాలు ఎన్ని పోతాయి, ఊరికి ముప్పుందా లేదా అన్నదే ఆయనకు కావలసిన లెక్క. ఆ లెక్క ఎవరూ చెప్పరు.

కాని ఈ రెండు లెక్కలకూ సంబంధం ఉంది. భూగర్భంలో ఎంత ఉందన్న అంచనా మీదనే గ్యాసు ధర, యూరియా ఖర్చు, కరెంటు, బ్యాంకుల అప్పులు, చివరకు చేను గుండా పైపు పోతుందా లేదా అన్నదీ ఆధారపడతాయి. అందువల్ల ఆ అంచనా ఎలా పుడుతుందో వ్యవసాయ కార్మికులూ, కార్యకర్తలూ తెలుసుకోవాలి. ఇది ఇంజనీర్ల విషయం, మనకెందుకు అనుకుంటే మోసపోయేది మనమే.

నాలుగు షరతులు

చమురూ గ్యాసూ భూమి కింద చెరువులా నిలవుండవు. ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో, స్పంజీలో నీరు ఉన్నట్లు ఉంటాయి. అవి అక్కడ చేరాలంటే నాలుగు షరతులు కుదరాలి. ఒకటి, కోట్ల ఏళ్ల కిందట జీవపదార్థం కూరుకుపోయి ఉడికిన తల్లిరాయి. రెండు, గ్యాసును పట్టి ఉంచే సందులున్న రాయి. మూడు, పైకి పోకుండా మూతలాగా పనిచేసే గట్టి పొర. నాలుగు, గ్యాసు ఒకచోట పోగుపడేట్లు పొరలు వంగో, విరిగో ఏర్పడిన బోను. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఈ నాలుగూ కొన్నిచోట్ల కుదిరాయి గనుకనే 1970 దశకం చివరి నుంచీ ఓఎన్‌జిసి నర్సాపురం, రాజోలు, మండపేట ప్రాంతాలలో బావులు తవ్వింది.

అయితే తవ్వకముందు ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసినవాడు లేడు. చేలల్లో సన్నటి బోర్లు వేసి మందుగుండు పేల్చుతారు. ఆ అదురు లోపలి పొరలను తాకి తిరిగి వస్తుంది. నేల మీద పరిచిన పరికరాలు ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. దాన్నిబట్టి మూడు నాలుగు కిలోమీటర్ల లోతున పొరల ఆకారం గీస్తారు. సర్వే దళం గట్లు తొక్కుకుంటూ కేబుళ్లు లాగేది ఇందుకే. ఆ బొమ్మలో వంపు కనిపిస్తుంది. వంపులో ఉన్నది గ్యాసో, ఉప్పునీరో బొమ్మ ఖాయంగా చెప్పలేదు.

నిపుణులు ఒక్కో షరతుకు ఒక్కో అవకాశం కడతారు. ఒక్కొక్కటీ నూటికి 70 పాళ్లు కుదురుతుందనుకుందాం. వినడానికి ఢోకా లేనట్లే ఉంది గదా! కాని నాలుగూ ఒక్కచోట కుదరాలి, అంటే నాలుగింటినీ హెచ్చవేయాలి. హెచ్చవేస్తే నూటికి 24 పాళ్లు వస్తుంది. నాలుగు బావులు తవ్వితే ఒకదానిలో దొరికినట్లు. ఈ నిజం నిపుణులందరికీ తెలుసు. పతాక శీర్షికల్లో మాత్రం కనిపించదు.

అంకె ఎలా ఉబ్బుతుంది?

ఎంత ఉందో కట్టే లెక్క కూడా హెచ్చవేతే. పొర ఎంత విస్తీర్ణంలో ఉంది, ఎంత మందం ఉంది, రాతిలో సందులు ఎన్ని, ఆ సందుల్లో నీరు పోను గ్యాసు ఎంత, ఉన్నదాంట్లో పైకి తీయగలిగింది ఎంత అన్న అయిదింటినీ హెచ్చవేస్తారు. లోతును బట్టి, పీడనాన్ని బట్టి సవరణ చేస్తారు.

ఇందులో ఒక కిటుకు ఉంది. అయిదింటిలో ప్రతిదాన్నీ ఒక 20 శాతం పెంచి వేశారనుకోండి. ఏ ఒక్కటీ పెద్ద అబద్ధంలా కనిపించదు. కాని చివరి అంకె దాదాపు రెండున్నర రెట్లవుతుంది. దొంగలెక్క రాయకుండానే లెక్క ఉబ్బిపోతుంది. అందుకే నిజాయితీ గల నిపుణుడు ఒక్క అంకె చెప్పడు, మూడు చెబుతాడు. తక్కువలో తక్కువ ఇంత, మధ్యస్థంగా ఇంత, అన్నీ కలిసొస్తే ఇంత అంటాడు. ప్రకటనల్లోకి ఎక్కేది మూడోదే.

రైతు భాషలో చెప్పుకుంటే విషయం తేలిక. నాటు వేసిన నాడు ఎకరానికి 40 బస్తాలు పండుతుందనుకోవడం ఒకటి. వెన్ను దిగినాక పంట కోత ప్రయోగం చేసి కట్టిన దిగుబడి వేరొకటి. నూర్చి, తూర్పారబట్టి, తూకం వేసి గాదెలో పోసిన గింజ ఇంకొకటి. చమురు శాస్త్రంలోనూ ఇవి మూడు వేర్వేరు పేర్లతో ఉన్నాయి. తవ్వకముందు ఊహించింది ఒక తరగతి. తవ్వి కనుగొన్నా, తీయడం గిట్టుబాటవుతుందో లేదో తేలనిది రెండో తరగతి. ఉన్న ధరకు, ఉన్న పనిముట్లతో తీసి అమ్ముకోగలిగేది మూడో తరగతి. దీన్నే నిల్వ అనాలి. నాట్లనాటి ఊహను గాదెలోని గింజగా ప్రకటిస్తే ఏ రైతైనా నవ్వుతాడు. లక్షల కోట్ల వ్యవహారంలో అదే జరిగితే ఎవరూ నవ్వలేదు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గిట్టుబాటు అనే మాట నిల్వల లెక్కలోనే దాగి ఉంది. ధర పెంచితే రాయి మారకుండానే నిల్వ పెరుగుతుంది. ధర తగ్గిస్తే అదే రాయిలో నిల్వ తరుగుతుంది. కనుక నిల్వ అనేది భూగర్భ శాస్త్రం ఒక్కటే తేల్చే అంకె కాదు. అది బేరం కూడా.

ఇరవై లక్షల కోట్ల ఘనపుటడుగుల కథ

2005 జూన్‌లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోడీ ఒక ప్రకటన చేశారు. కాకినాడ, యానాం తీరానికి ఎదురుగా సముద్రంలో గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం కార్పొరేషన్ (జిఎస్‌పిసి) 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు కనుగొన్నదని, దాని విలువ రూ. 2,20,000 కోట్లని అన్నారు. దేశంలోనే అతి పెద్ద నిక్షేపమని ఊరేగింపు జరిగింది.

తర్వాత ఏమైంది? నాట్లనాటి ఊహ కోతకు వచ్చేసరికి కుదించుకుపోయింది. 2009లో కేంద్రం ఆమోదించిన దీన్‌దయాళ్ పశ్చిమ క్షేత్రం అభివృద్ధి పథకంలో లెక్కకు వచ్చిన గ్యాసు రెండు లక్షల కోట్ల ఘనపుటడుగుల లోపే. అందులో పైకి తీయగలిగేది సుమారు సగం. అక్కడి రాయి బిగుసుకుపోయిన రాయి, లోపల వేడీ పీడనమూ ఎక్కువ, బావి ఖర్చు తడిసిమోపెడు. 2015 మార్చి నాటికి ఈ సంస్థ రూ. 19,576 కోట్లు ఖర్చు పెట్టిందని, అప్పులు కూడా దాదాపు అంతే ఉన్నాయని కాగ్ నివేదిక బయటపెట్టింది. ప్రయోగాత్మక ఉత్పత్తి 2014 ఆగస్టులో గాని మొదలు కాలేదు. చివరకు 2017లో ఓఎన్‌జిసి దాదాపు 120 కోట్ల డాలర్లు ఇచ్చి 80 శాతం వాటా కొన్నది. ప్రకటన చేసిన వారికి పేరు వచ్చింది. బరువు ఒక ప్రభుత్వరంగ సంస్థ నెత్తి మీద నుంచి మరొక ప్రభుత్వరంగ సంస్థ నెత్తి మీదకు మారింది. రెండూ మోసింది ప్రజల సొమ్మే.

అంబానీ గ్యాసు పాఠం

కెజి డి6 క్షేత్రం సంగతి ఇంకా పెద్దది. రిలయన్స్ కంపెనీ 2002లో అక్కడ గ్యాసు కనుగొన్నది. 2004 పథకం ప్రకారం పెట్టుబడి సుమారు 240 కోట్ల డాలర్లు, ఉత్పత్తి రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు. 2006లో పథకం సవరించారు. ఉత్పత్తి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లన్నారు, మొదటి దశ పెట్టుబడి 520 కోట్ల డాలర్లన్నారు. గ్యాసు రెట్టింపు, ఖర్చు రెట్టింపుకన్నా ఎక్కువ.

2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అక్కడి నుంచి జారుడుబండే. 2013 చివరికి కోటిన్నర కన్నా తక్కువకు పడిపోయింది. భాగస్వామిగా ఉన్న కెనడా కంపెనీ నికో 2012లో నిల్వల అంచనాను సుమారు అయిదో వంతుకు కోసేసింది. ఎనిమిది కోట్ల ఆశకు ఆధారమైన ప్రధాన క్షేత్రాలు, ధీరూభాయి 1, 3 క్షేత్రాలు, 2020 ఫిబ్రవరిలో మూతబడ్డాయి. ఆ తర్వాత 2020 డిసెంబరు నుంచి అదే బ్లాకులో వేరే క్షేత్రాలలో ఉత్పత్తి మొదలుపెట్టారు. కాని 2006 నాటి మాట నిలబడలేదన్నది నిజం.

ఎందుకు పడిపోయింది? నీరూ ఇసుకా చొరబడ్డాయి, పొరలు అనుకున్నదానికన్నా చిక్కుగా ఉన్నాయి అన్నది కంపెనీ. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదు అన్నది ప్రభుత్వ పక్షం. వివాదం మధ్యవర్తుల వద్దకు వెళ్లింది. మనం గమనించాల్సింది వేరే ఉంది. ఆ కాలపు ఒప్పందాలలో కంపెనీ తన ఖర్చు ముందు రాబట్టుకోవచ్చు. పెట్టుబడికి రాబడి ఎన్ని రెట్లు వచ్చిందన్నదాన్ని బట్టి ప్రభుత్వ వాటా పెరుగుతుంది. అంటే ఖర్చు ఎంత ఎక్కువ చూపితే ప్రభుత్వ వాటా పెరగడం అంత ఆలస్యం. పెద్ద నిల్వ చూపితే పెద్ద ఖర్చుకు సమర్థన దొరుకుతుంది. ఈ ఏర్పాటు ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచననే చంపేస్తుందని 2011లో కాగ్ విమర్శించింది. 2016లో కేంద్రం కొత్త బ్లాకులకు ఖర్చు రాబట్టుకునే పద్ధతి మాని రాబడిలో వాటా పద్ధతి తెచ్చింది. ఆ మార్పే పాత పద్ధతి లోపానికి సాక్ష్యం.

రాయలసీమ, తెలంగాణ రైతు కూడా భూగర్భాన్ని నమ్మి బోరు వేస్తాడు. కొబ్బరికాయ తిప్పేవాడి మాటో, భూగర్భ శాస్త్రజ్ఞుడి మాటో విని మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోతాయి. ఆ ఖర్చు ఎవరి లెక్కలో నుంచీ రాబట్టుకునే వీలు ఆయనకు లేదు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు, కొందరైతే ప్రాణమే తీసుకున్నారు. ఆ పాత ఒప్పందాల కింద కంపెనీకి మాత్రం, తన బ్లాకులో ఒక్క బావి వాణిజ్యపరంగా పండితే చాలు, ఎండిపోయిన బావుల ఖర్చు కూడా ఆ గ్యాసు డబ్బులో నుంచే రాబట్టుకోవచ్చు. బ్లాకు మొత్తం ఎండిపోతేనే దానికి నష్టం.

ఉబ్బిన అంకె ఎవరి మీద పడింది?

గ్యాసు వస్తుందన్న నమ్మకం మీద గోదావరి జిల్లాలలో వేమగిరి, జేగురుపాడు, గౌతమి, కోనసీమ విద్యుత్ కేంద్రాలకు వేల కోట్లు పెట్టారు. బ్యాంకులు అప్పులిచ్చాయి. 2013 నుంచి ఈ క్షేత్రం గ్యాసు విద్యుత్ కేంద్రాలకు అందలేదు. దేశమంతటా గ్యాసు లేక చతికిలబడ్డ కేంద్రాల సామర్థ్యం 14 వేల మెగావాట్లకు పైగా ఉందని 2019లో పార్లమెంటు స్థాయీ సంఘం ముందు తేలింది. ఆ అప్పులు మొండిబకాయిలయ్యాయి. పంట రుణం అడిగితే పాసు పుస్తకం, జామీను అన్నీ అడిగే బ్యాంకులు, రాతి పొరల్లోని గ్యాసును చూడకుండానే వేల కోట్లు ఇచ్చాయి.

యూరియా సంగతీ అంతే. యూరియాకు ముడిసరుకు గ్యాసు. అందుకే 2008లో కేంద్ర మంత్రుల బృందం గ్యాసు కేటాయింపులో ఎరువుల కర్మాగారాలకు మొదటి స్థానం ఇచ్చింది. ఇక్కడ గ్యాసు తగ్గితే దిగుమతి గ్యాసు కొనాలి, సబ్సిడీ బరువు పెరుగుతుంది. సబ్సిడీ పెరిగిందంటే దాన్ని కోయాలనే వాదన బయలుదేరుతుంది. ఉత్పత్తి పడిపోతున్న రోజుల్లోనే గ్యాసు ధరను 4.20 డాలర్ల నుంచి దాదాపు రెట్టింపు చేయాలని 2013లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. కమ్యూనిస్టు ఎంపీ గురుదాస్ దాస్‌గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014లో ఎన్నికల సంఘం ఆపమనడంతో ఆ పెంపు వాయిదా పడింది. నిల్వ ఎక్కువంటే ఖర్చు పెంచుతారు, నిల్వ తక్కువంటే ధర పెంచమంటారు. రెండు వైపులా పదునున్న కత్తి ఇది.

రవ్వ క్షేత్రం కథ మరో పాఠం. దాన్ని 1987లో కనుగొన్నది ఓఎన్‌జిసి. ఎండిపోయే బావుల భయం భరించింది ప్రభుత్వ రంగం. గ్యాసూ చమురూ ఉన్నాయని తేలాక 1994లో ప్రైవేటు కంపెనీలతో కూడిన కూటమికి అప్పగించారు. ఓఎన్‌జిసికి మిగిలింది 40 శాతం. దున్ని, విత్తి, నాటింది ఒకరు, పండిన చేలో కొడవలి పట్టింది ఇంకొకరు.

పీడనం అంచనా ప్రాణం మీద లెక్క

నిల్వ అంచనా తప్పితే డబ్బు పోతుంది. పీడనం అంచనా తప్పినా, జాగ్రత్త తప్పినా ప్రాణం పోతుంది. బావిలో పోసే బురద బరువు, లోపలి గ్యాసు తోపుడును ఆపగలగాలి. ఆ లెక్క భూగర్భ అంచనాలో భాగమే. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓఎన్‌జిసి బావి పేలి మంటలు లేచాయి. మార్చి నడిమి దాకా, రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేశారు. కొబ్బరి తోటలు మాడిపోయాయి.

2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైను పేలింది. తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారు, టీ దుకాణం దగ్గర ఉన్నవారు కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తేమతో కూడిన గ్యాసు పంపడం వల్ల పైపు తుప్పు పట్టి చిల్లు పడిందని విచారణలో తేలింది. శాస్త్రం తెలియక జరిగినది కాదు. తేమ తీసే ఏర్పాటు పెట్టలేదు, అంతే.

ఇంకో ముప్పు నిదానంగా వస్తుంది. గ్యాసు తీసేకొద్దీ రాతి సందుల్లో పీడనం తగ్గుతుంది, పైనున్న నేల కుంగవచ్చు, అదరవచ్చు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ క్షేత్రంలో దశాబ్దాల తరబడి గ్యాసు తీశాక 2012లో 3.6 తీవ్రతతో భూమి కంపించింది. వేలాది ఇళ్లు బీటలిచ్చాయి. 2023 అక్టోబరులో ఉత్పత్తి ఆపి, 2024లో చట్టం చేసి మూసేశారు. రెండు ప్రాంతాల రాళ్లు ఒకటి కావు, అక్కడ జరిగిందే ఇక్కడ జరుగుతుందని చెప్పలేం. కాని కోనసీమ నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నేల జానెడు కుంగినా మురుగు పోదు, ఉప్పునీరు ఎక్కుతుంది. ఏడాదికెంత కుంగుతోందో కొలిచి ఊళ్లో బోర్డు మీద రాయాలని అడగడం అభివృద్ధి నిరోధం ఎలా అవుతుంది?

పరిహారంలో కూలీ లేడు

పైపులైను కోసం భూమి వాడుకునే హక్కు తీసుకునేందుకు 1962 నాటి చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం భూమి యజమానికి మార్కెట్ విలువలో పది శాతం, పంట నష్టం ఇస్తారు. ఆ తర్వాత పైపు మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. నష్టం అడిగే హక్కు భూమితో సంబంధం ఉన్నవారికే. ఆ చేలో కూలి చేసి బతికే మనిషికి ఆ లెక్కలో చోటు లేదు. కౌలు రైతు అడుగుదామంటే కాగితం చూపమంటారు. 2019 నాటి పంట సాగుదారుల చట్టం కింద కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టడు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన న్యాయం కాదు. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అనే మాటకు వ్యవసాయ కార్మికులు, కౌలుదారులు కూడా వస్తారు. సముద్రం ఎవరి పట్టా భూమీ కాదు. అయినా ఓఎన్‌జిసి పైపులైను పనుల వల్ల వేట పోయిన 23,458 మత్స్యకార కుటుంబాలకు నెలకు రూ. 11,500 చొప్పున 2022 మే నెలలో నాలుగు నెలల పరిహారం అందింది. మొత్తం దాదాపు రూ. 108 కోట్లు. మత్స్యకారులు సంఘటితంగా పోరాడారు గనుక పోయిన పనిదినానికి విలువ కట్టక తప్పలేదు. వేటకు కట్టిన విలువ నాటుకు, కోతకు ఎందుకు కట్టరు?

రాష్ట్రానికి కూడా అన్యాయమే. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, లోతు సముద్రపు గ్యాసు రాయల్టీ అంతా కేంద్రానిదే. బొగ్గు తవ్వే ఊళ్లకు జిల్లా ఖనిజ నిధి ఉంది. సింగరేణి ప్రాంతంలో ఆ నిధి జమవుతోంది. ఆ చట్టం చమురునూ గ్యాసునూ మినహాయించింది. గ్యాసు ఊళ్లకు అలాంటి నిధి చట్టం కింద లేదు.

మన వైఖరి, మన కోర్కెలు

గ్యాసు తవ్వొద్దని మనం అనడం లేదు. దేశం ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. యూరియాకు గ్యాసు కావాలి. ప్రభుత్వ రంగం చేతిలో, ప్రజల నిఘాలో తవ్వకం జరగాలి. ఎంత ఉందో నిజం చెప్పాలి. లాభం ఒకచోట, నష్టం ఇంకోచోట పడకూడదు.

అందుకని, ఊళ్లో సర్వే దళం దిగినా, భారీ నిక్షేపం అంటూ పేపర్లో వార్త వచ్చినా కార్యకర్తలు ఈ ప్రశ్నలు వేయాలి. చెప్పిన అంకె ఊహా, కనుగొన్నదా, తీసి అమ్మగలిగిన నిల్వా? ఎన్ని బావులు తవ్వి చెబుతున్నారు? తక్కువ అంచనా ఎంత? ఏ ధరకు గిట్టుబాటు? ఆ లెక్క తనిఖీ చేసిందెవరు?

గ్రామ సభలు, సంఘాలు ఈ కోర్కెలను ముందుకు తేవాలి:

1. సర్వేకు, బావికి ముందే గ్రామ సభలో తెలుగులో వివరాలు చెప్పాలి. బావి లోతు, పీడనం, ప్రమాదం వస్తే ఊరు ఖాళీ చేసే దారి అందులో ఉండాలి.

2. కోల్పోయిన పనిదినాలకు వ్యవసాయ కార్మికులకూ, సంతకం షరతు లేకుండా కౌలు రైతులకూ పరిహారం ఇవ్వాలి.

3. నిల్వల అంచనాలను మూడు అంకెలతో, స్వతంత్ర తనిఖీతో ఏటా ప్రకటించాలి.

4. నేల కుంగుడు, భూగర్భజలంలో ఉప్పు, పైపుల వయసు, తనిఖీ తేదీ ఊరూరా బోర్డుల మీద రాయాలి.

5. గ్యాసు ఊళ్లకు ఖనిజ నిధి లాంటి నిధి ఏర్పాటు చేయాలి, సముద్రపు గ్యాసు రాయల్టీలో రాష్ట్రానికి వాటా ఇవ్వాలి.

భూగర్భంలో ఏముందో తవ్వితేగాని తెలియదు. అందులో శాస్త్రజ్ఞుల తప్పేమీ లేదు. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పి అమ్ముకోవడమే నేరం. ఆ నేరానికి బిల్లు ఇంతవరకూ కరెంటు చార్జీలుగా, మొండిబకాయిలుగా, కాలిన ఇళ్లుగా మన గుమ్మం ముందుకు వచ్చింది. వచ్చే గ్రామ సభలో ఈ అయిదు కోర్కెలనూ తీర్మానంగా రాయించి, సంతకాలు సేకరించి కలెక్టరుకు అందజేయడం మన తక్షణ కర్తవ్యం.